ఆ పదకొండు సెకన్లు తీసేయమంటున్నారు

ఈ వారం ఉత్తరం రాసిన పాఠకురాలికి 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక న్యూస్ చానల్లో ఏడేళ్లు రిపోర్టర్‌గా పనిచేశారు. పాప పుట్టాక వేళాపాళా లేని ఆ ఉద్యోగం కుదరక, వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో కమ్యూనికేషన్స్ విభాగంలో చేరారు. ఎండీ గారి కొత్త సంవత్సరం సందేశం, ఉద్యోగులందరి సమావేశాల (టౌన్‌హాల్) వీడియోలు, కొత్తగా చేరినవాళ్లకు చూపించే ప్లాంట్ పరిచయం, ఇవన్నీ ఆవిడే తీస్తారు. "కెమెరా ముందు మనిషిని మాట్లాడించడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని" అని రాశారు. ఊరూ పేరూ, కంపెనీని గుర్తుపట్టే వివరాలూ తీసేసి ఉత్తరం సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

కిందటి అక్టోబరులో ఆ ప్లాంట్‌లో పవర్ ప్రెస్ కింద చెయ్యి పడి ఒక కార్మికుడికి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. పన్నెండేళ్లుగా అక్కడే, కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్న మనిషి. ఆసుపత్రి నుంచి వచ్చాక స్టోర్స్‌లో తేలికపాటి పని ఇచ్చారు. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం. ఆ రోజు అన్ని షిఫ్టులకూ చూపించడానికి ఆయన కథతో మూడు నిమిషాల వీడియో చేయమని ఈవిడకు చెప్పారు. స్క్రిప్ట్ పైనుంచే వచ్చింది. అందులో ఆయన చెప్పాల్సిన మాటలు ఇవి: "క్షణం అజాగ్రత్తగా ఉన్నాను. అది నా తప్పే. కంపెనీ మాత్రం నన్ను కన్నబిడ్డలా చూసుకుంది."

పాఠకురాలు స్క్రిప్ట్ పక్కన పెట్టి, తనకు అలవాటైన పద్ధతిలో ఆయన్ని కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడించారు. "అన్నా, భయపడకండి, మీకు నచ్చినట్టే వస్తుంది" అని మాటిచ్చారు. ఆయన మెల్లగా అన్నీ చెప్పారు. ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకున్న సంగతి, చిన్న కూతురు దెబ్బ తగిలిన చేతిని పట్టుకోవడానికి మొదట్లో జంకిన సంగతి. మధ్యలో ఈ మాట కూడా అన్నారు: "సెన్సర్ నాలుగు రోజుల నుంచీ పనిచేయట్లేదు మేడమ్. చెప్పాం. టార్గెట్ ఉంది, ఇప్పటికి నడిపేయండి అన్నారు." మొత్తం పదకొండు సెకన్లు.

రఫ్ కట్ (తొలి కూర్పు) చూసిన పైఅధికారి ఆ పదకొండు సెకన్లు తీసేయమన్నారు. స్క్రిప్ట్‌లో ఉన్న "నా తప్పే" అన్న మాట మళ్లీ చెప్పించమన్నారు. ఆయన సరిగ్గా చెప్పలేకపోతే, గొంతు ఎలాగూ రికార్డయి ఉంది కాబట్టి ఏఐతో ఆ ఒక్క వాక్యం అతికించేయవచ్చన్నారు. కార్మికుణ్ని అడిగితే "మీరేం చెప్పమంటే అది చెప్తాను మేడమ్" అన్నారట. భర్త "నీకెందుకు, ఇచ్చిన పని చేసెయ్" అంటున్నారు. ఇంటి లోన్ ఈఎంఐ ఇద్దరి జీతాల మీదా నడుస్తోంది. పాత చానల్ స్నేహితుడేమో "ఆ ఫుటేజ్ నాకు పంపు, మిగతాది నేను చూసుకుంటా" అంటున్నాడు. "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. చేస్తే ఆయన్ని మోసం చేసినట్టు, చేయకపోతే ఉద్యోగం పోతుందని టెన్షన్. నేను పిరికిదాన్నా? ఏం చేయమంటారు?" అని అడిగారు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వీడియో సంగతికి వచ్చే ముందు ఒక్కటి అడగాలి. ఆ ప్రెస్ మీద సెన్సర్ ఇప్పుడు పనిచేస్తోందా?

ఉత్తరంలో అది లేదు. బహుశా మీరు కూడా అడిగి ఉండరు. ఎవరూ అడిగి ఉండరేమో. అందరి దృష్టీ ఆ పదకొండు సెకన్లను ఉంచాలా తీయాలా అన్నదాని మీద పడింది. ప్రెస్ ముందు కంటికి కనిపించని కాంతి కిరణాల తెర ఒకటి ఉంటుంది. చెయ్యి దాన్ని దాటగానే ప్రెస్ ఆగిపోవాలి. అద్దం మీద దుమ్మూ నూనే పట్టినా, ఫ్రేము కాస్త పక్కకు జరిగినా, చెయ్యి లేకుండానే మెషిన్ ఆగిపోతూ ఉంటుంది. ఆగినప్పుడల్లా ఉత్పత్తి లెక్క తగ్గుతుంది. మెయింటెనెన్స్ వాళ్లు వచ్చేదాకా అని దాన్ని బైపాస్ చేస్తారు. ఆ "వచ్చేదాకా" నాలుగు రోజులవుతుంది, కొన్నిచోట్ల నాలుగు నెలలవుతుంది. మీరు అన్నా అని పిలిచే ఆయన చెప్పింది సరిగ్గా ఇదే. ఈ రోజు కూడా అది అలాగే ఉంటే మీ చేతిలో ఉన్నది వీడియో సమస్య కాదు. ఇంకో మనిషి వేళ్ల సమస్య. అప్పుడు మీ పైఅధికారితో ఎడిట్ గురించి వాదించడం కంటే ముందు, సేఫ్టీ ఆఫీసర్‌కి రెండు వాక్యాల మెయిల్ పెట్టండి: "వీడియో పని మీద మాట్లాడుతున్నప్పుడు ఫలానా లైన్‌లో సెన్సర్ గురించి ఒక విషయం నా దృష్టికి వచ్చింది. దాన్ని ఒకసారి చూసి చెప్పగలరు." ఆ కార్మికుడి పేరు రాయకండి. ఎవరు చెప్పారని అడిగినా చెప్పకండి.

ఇక మీరు పిరికివారా అన్న మాట. స్క్రిప్ట్ పక్కన పెట్టి నలభై నిమిషాలు మనిషిని విన్నవారు పిరికివారు కాదు. పిరికితనమే ఉంటే మూడు వాక్యాలు చదివించి, మంచి మ్యూజిక్ వేసి ఇచ్చేసేవారు. మీ ఇబ్బంది వేరు. రిపోర్టర్‌గా ఉన్నప్పుడు కెమెరా ముందు మాట (బైట్) ఇచ్చిన మనిషికీ మీకూ మధ్య ఇంకెవరూ లేరు. ఇప్పుడు మీకు జీతం ఇచ్చేవారే ఆయనకూ పని ఇచ్చేవారు. "మీకు నచ్చినట్టే వస్తుంది" అన్న మాట మీ పాత ఉద్యోగం నుంచి వచ్చింది. కొత్త ఉద్యోగంలో ఆ మాట ఇచ్చే అధికారం మీకు లేదు. ఆ సంగతి మీకు ఎడిట్ టేబుల్ దగ్గర తెలిసింది. అందుకే నిద్ర పట్టడం లేదు.

కంపెనీ డబ్బుతో తీసిన వీడియో అంతా బూటకం అని నేను అనను. 1935లో లండన్ మురికివాడల మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. డబ్బు పెట్టింది బ్రిటన్ గ్యాస్ వ్యాపారుల సంఘం. పాత ఇళ్లు కూల్చి కొత్తవి కడితే గ్యాస్ వాడకం పెరుగుతుందన్నది వాళ్ల లెక్క. అయినా ఆ సినిమాలో అక్కడ ఉండేవాళ్లే తమ గదుల్లో నిలబడి, ఎలుకల గురించి, నల్లుల గురించి తమ మాటల్లో కెమెరాకు చెప్పారు. తొంభై ఏళ్ల తర్వాత కూడా ఆ ముఖాలు నమ్మేలా ఉంటాయి. డబ్బు పెట్టినవారికి లాభం ఉండటం తప్పు కాదు. మాట్లాడుతున్న మనిషి మాట ఆయనదిగానే ఉందా లేదా అన్నదే అసలు సంగతి.

మీకు ఎడిటింగ్ గురించి నేను చెప్పేదేమీ లేదు. నలభై నిమిషాల్లో ముప్పై ఏడు తీసేయాల్సిందే, ఎవరు చేసినా. కూతురి సంగతి తీసేస్తే కథ చిన్నదవుతుంది. సెన్సర్ సంగతి తీసేస్తే ప్రమాదానికి కారణమే మారిపోతుంది. ఒక్క అబద్ధం చేర్చకుండానే బైట్‌ను అబద్ధం చేయవచ్చని చానల్లో పనిచేసిన మీకు తెలుసు. "ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాల్సింది" అని ఆయన ఎక్కడో అనే ఉంటారు. దెబ్బ తిన్న ప్రతి మనిషీ అంటాడు. దాని ముందున్న మాట కోసేసి, ఆ ఒక్కటి ఉంచి, కింద విషాదంగా వయొలిన్ పెడితే ప్రమాదం మొత్తం ఆయన మెడకు చుట్టుకుంటుంది.

ఆ చుట్టుకోవడం మాటలతో ఆగకపోవచ్చు. పరిహారం సంగతి తేలిందా? 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం నుంచీ ఒక నిబంధన వస్తోంది. మరణమో, శాశ్వతమైన పూర్తి అంగవైకల్యమో కాని గాయాల్లో, కార్మికుడు కావాలనే భద్రతా నియమాన్ని ఉల్లంఘించాడనో, రక్షణ పరికరాన్ని తీసేశాడనో తేలితే యాజమాన్యం బాధ్యత నుంచి తప్పించుకునే వీలుంది. ఆయన ఈఎస్ఐ పరిధిలో ఉన్నారా, కాంట్రాక్టర్ ద్వారా రావాల్సింది ఏమిటి అన్నవాటిని బట్టి లెక్కలు మారతాయి. కానీ "నా తప్పే" అని ఒక మనిషి కెమెరా ముందు ఒప్పుకున్న వీడియో రేపు ఎవరి చేతికి చిక్కుతుందో, దేనికి వాడతారో మీరూ నేనూ చెప్పలేం. వీడియో కోసమని పలికించిన మాట కాగితాల్లో ఒప్పుకోలుగా మారిపోవచ్చు. ఆయన ఏ రికార్డింగ్‌కు ఒప్పుకోవాలన్నా, ముందు ఒక కార్మిక న్యాయవాదితోనో, యూనియన్ మనిషితోనో మాట్లాడుకోవాలి. ఈ విషయం ఆయనకు చెప్పాల్సింది మీరే. ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు.

"మీరేం చెప్పమంటే అది చెప్తాను మేడమ్" అన్న మాట గురించి కూడా. దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. మీరు ఆయన్ని అన్నా అంటున్నారు, ఆయన మిమ్మల్ని మేడమ్ అంటున్నారు. ఆ తేడాలోనే అంతా ఉంది. రెండు వేళ్లు లేని చేత్తో, కాంట్రాక్టర్ కింద, స్టోర్స్‌లో ఎప్పటిదాకా ఉంచుతారో తెలియని పనిలో ఉన్న మనిషి కాదని ఎలా అంటాడు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతికి ఒక కొలత పెట్టింది. అది స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. దేనికి అన్నది స్పష్టంగా ఉండాలి. విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునేలా ఉండాలి. అడిగే నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులో కూడా చదువుకునే వీలుండాలి. మీ కేసుకు అది ఎంతవరకు వర్తిస్తుందో మీ లీగల్ వాళ్లు చెప్పాలి. చట్టం మాట అలా ఉంచినా, మన మనస్సాక్షికి కూడా ఇంతకంటే మంచి కొలత లేదు. ఆయన సంతకం పెట్టిన ఇంగ్లిష్ ఫారం ఒకటి మీ ఫైల్లో ఉండే ఉంటుంది. దాన్ని ఒకసారి ఈ కొలతతో చూడండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏదీ ఖర్చు లేనిది కాదు.

చెప్పినట్టు చేసేయడం మొదటిది. మీ భర్త అంటున్నది అదే, ఆయన్ని తప్పు పట్టను. ఈఎంఐ తారీఖు ఎవరి నీతి కోసమూ ఆగదు. అలా చేస్తే మీ ఉద్యోగం ఈ మార్చికి భద్రం. కానీ ఆ వీడియో చూడబోయేది ఎవరు? ఆ ప్రెస్‌లు నడిచే విభాగం (ప్రెస్ షాపు) మనుషులే. సెన్సర్ నాలుగు రోజులు పనిచేయలేదని ప్రతి షిఫ్టుకూ తెలుసు. బయటివాళ్లకు చూపించే ప్రకటనలో కాస్త రంగు వేస్తే ఎవరికీ తెలియదు. లోపలివాళ్లకు లోపలి కథ చెప్పేటప్పుడు ఆ వీలు లేదు. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక నూలు మిల్లుకు వార్షికోత్సవం వీడియో రాశాను. షూటింగ్ కోసం క్యాంటీన్ బల్లల మీద తెల్లగుడ్డలు పరిచాం, స్టీలు గ్లాసులు తీసేసి గాజువి పెట్టించాం. వేడుక రోజు ఆ షాట్ తెర మీదికి రాగానే వెనక వరసల నుంచి నవ్వులు మొదలయ్యాయి. ఆ తర్వాత వచ్చిన పెన్షన్ పథకం గురించిన భాగం, అది నిజంగా మంచి పథకం, ఎవరూ వినలేదు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. తెల్లగుడ్డకే అలా అయితే, పోయిన వేళ్ల విషయంలో నవ్వరు. మౌనంగా ఉంటారు. ఆ మౌనంలో వాళ్లు నేర్చుకునేది ఒకటుంది: ఇక్కడ దెబ్బ తగిలితే తప్పు మనదే అవుతుంది. రేపటి నుంచి కొద్దిలో తప్పిన ప్రమాదాలను ఎవరూ రిజిస్టర్‌లో రాయరు. భద్రత కోసం తీసిన వీడియో భద్రతను ఇంకాస్త తగ్గిస్తుంది. ఇక ఆయన మాటకొస్తే, పన్నెండేళ్ల తోటివాళ్ల ముందు అమ్ముడుపోయిన మనిషిగా నిలబడాలి.

మానేయడం రెండోది. "నేను చేయను" అనవచ్చు. మీ చేతులు శుభ్రంగా ఉంటాయి. కానీ రా ఫుటేజ్ కంపెనీది. మర్నాడే బయటి ఏజెన్సీకి వెళ్తుంది. ఆయన చిన్న కూతురి పేరు కూడా తెలియని ఎడిటర్ ఒకరు గంటలో ఆ పని ముగిస్తారు. మీరు తప్పుకుంటే ఆ గదిలో ఆయన తరఫున ఆలోచించే ఒక్క మనిషి కూడా పోతారు. అందుకే మొదటే తిరస్కారంతో మొదలుపెట్టవద్దంటాను. కానీ ఒకచోట మాత్రం గట్టిగా వద్దని చెప్పాలి: ఏఐతో ఆయన గొంతు అతికించడం. ఒక మనిషి అనని మాటను ఆయన గొంతుతో అనిపించడం ఎడిటింగ్ కాదు, దొంగ సంతకం. అది ఎంత చిన్న వాక్యమైనా సరే. ఆ మాట మళ్లీ వస్తే "దీనికి లీగల్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తెప్పించండి" అనండి. నాకు తెలిసినంతలో అలాంటి దాని మీద పేరు పెట్టడానికి చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే, అప్పుడు మీరు తప్పుకోవడానికి అంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

స్నేహితుడికి ఫుటేజ్ పంపడం అనే దారి మీ మనసులో తిరుగుతోందని మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. వద్దు. మీ ఉద్యోగం పోతుందని మాత్రమే కాదు. తెర మీద కనిపించేది మీ ముఖం కాదు, ఆయన ముఖం. చానల్‌కు అది ఒక సాయంత్రం బులెటిన్. మర్నాడు ప్లాంట్ గేటు దగ్గర నిలబడాల్సింది ఆయన. నిజం బయటికి రావాలని ఆయన తనంతట తాను కోరుకుంటే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఉన్నారు, యూనియన్ ఉంది. ఆ నిర్ణయం ఆయనది. ఫుటేజ్ ఇంటికి తెచ్చుకోవద్దు, అలాగని డిలీట్ కూడా చేయవద్దు. ఎవరైనా డిలీట్ చేయమంటే మెయిల్లో రాయమని మర్యాదగా అడగండి.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది మూడో దారి మీద. ఈ వీడియోలోంచి ఆయన్ని బయటికి తీసుకురండి.

పదకొండు సెకన్లు ఉంచాలా తీయాలా అని మీరిద్దరూ లాగుతుంటే మధ్యలో నలుగుతున్నది ఆయనే. మీ పైఅధికారికి కావాల్సింది ఏమిటి? మార్చి 4న చూపించడానికి మనసుకు తగిలే వీడియో. అది ప్రమాదం జరిగిన మనిషి గురించే కానక్కర్లేదు. ఆ మెషిన్ గురించి కావచ్చు. ప్లాంట్ హెడ్‌ను అదే ప్రెస్ పక్కన నిలబెట్టండి. ఆయన చెప్పాల్సింది ఇంతే: అక్టోబరులో ఇక్కడ మన మనిషి ఒకరికి వేళ్లు పోయాయి. అప్పుడు ఈ సెన్సర్ పనిచేయలేదు. ఇప్పుడు ఇదిగో, ఇలా మార్చాం. ఇక మీదట సెన్సర్ పనిచేయకపోతే లైన్ ఆపండి. ఆపినవారిని ఎవరూ ఏమీ అనరు, ఆ లెక్క నాది. అని, ఒక చెక్క ముక్కను ఆ తెర లోపలికి పెట్టి ప్రెస్ ఆగడం చూపించాలి. తొంభై సెకన్లు చాలు. మ్యూజిక్ అక్కర్లేదు, ప్రెస్ ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దమే చాలు.

ప్లాంట్ హెడ్ ఒప్పుకుంటారా అంటారు. కష్టమే. "పనిచేయలేదు" అన్న మాటను లీగల్ ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు "అప్పటి లోపాలను చూశాం, ఇవి మార్చాం" అన్నదాకా తగ్గండి. కార్మికుడి మీద తప్పు మోపే ఒక్క మాట కూడా లేకుండా చూసుకోండి. ఆ రెంటి మధ్యా చాలా దూరం ఉంది, ఆ దూరంలో ఎక్కడో మీరిద్దరూ కలవవచ్చు.

పైవాళ్లు కెమెరా ముందు నిజం చెబితే పరువు పోతుందని భయపడతారు. మారియట్ హోటళ్ల సీఈఓ ఆర్నీ సోరెన్‌సన్ సంగతి వాళ్లకు చెప్పి చూడండి. 2020 మార్చిలో కోవిడ్‌తో హోటళ్లు ఖాళీ అయినప్పుడు ఆయన ఉద్యోగులకు ఒక వీడియో పంపారు. అప్పటికి ఆయన పాంక్రియాస్ క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నారు, జుట్టంతా ఊడిపోయింది. ఈ రూపంలో వీడియో వద్దేమోనని తన టీమ్ కాస్త సందేహించిందని ఆయనే అందులో చెప్పారు. దాదాపు ఆరు నిమిషాల్లో చెడు వార్తలన్నీ చెప్పి, ఆ ఏడాది మిగిలిన కాలానికి తానూ చైర్మన్ మారియట్ గారూ జీతం తీసుకోబోమనీ, తన కింది ఎగ్జిక్యూటివ్‌లకు సగం కోత అనీ చెప్పారు. వేలమంది ఉద్యోగాలకు ఎసరు వచ్చిన రోజుల్లో కూడా ఆ వీడియోను జనం గౌరవంగా గుర్తు పెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయన చనిపోయారు. నష్టంలో తన వాటా ఏమిటో ముందు తాను చెప్పారు కాబట్టే ఆ మాటలు నిలిచాయి. మీ స్క్రిప్ట్‌లో ఉన్న లోపం సరిగ్గా అదే. అందులో వాటా అంతా కిందివాడిదే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2009 ఏప్రిల్‌లో అమెరికాలో డామినోస్ ఉద్యోగులిద్దరు వంటగదిలో చేసిన పాడుపని యూట్యూబ్‌లోకి వచ్చింది. కంపెనీ అమెరికా విభాగం ప్రెసిడెంట్ పాట్రిక్ డాయిల్ క్షమాపణ కూడా యూట్యూబ్‌లోనే చెప్పారు. మాటలు బాగున్నాయి, కానీ కళ్లు లెన్స్‌లోకి చూడలేదు, పక్కన ఏదో చదువుతున్నట్టున్నారని విమర్శ వచ్చింది. మీ ప్లాంట్ హెడ్‌కు టెలిప్రాంప్టర్ పెట్టకండి. ముందు రోజు పావుగంట కూర్చుని విషయం మాట్లాడుకుని, మర్నాడు తన మాటల్లోనే చెప్పనివ్వండి. తడబడితే తడబడనివ్వండి.

వీడియో కింది స్థాయికి ఎలా చేరాలో కూడా చూసుకోండి. మీ ప్లాంట్‌లో ఒడిశా, బిహార్ కుర్రాళ్లు కూడా ఉండే ఉంటారు. తెలుగు వీడియో ఒక్కటే చేస్తే సగం మంది బొమ్మలే చూస్తారు. క్యాంటీన్ టీవీలో ఎలాగూ శబ్దం వినిపించదు. పెద్ద అక్షరాలతో తెలుగు, హిందీ, ఒడియా సబ్‌టైటిళ్లు వేయండి. ఇంకా మంచిది, భోజనం వేళ క్యాంటీన్‌లో కాకుండా షిఫ్ట్ మొదట్లో ఆ మెషిన్ పక్కనే చూపించి, వెంటనే ఒకరిచేత సెన్సర్‌ను పరీక్షించి చూపించమనండి. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ గురించి వినే ఉంటారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ఒక ప్రాజెక్టుగా మొదలై తర్వాత విడిగా నిలబడింది, మన ఆంధ్రప్రదేశ్‌లోనూ పనిచేసింది. రైతుల చేతే చిన్న వీడియోలు తీయించి, చేతిలో పట్టే ప్రొజెక్టర్‌తో తోటి రైతులకు చూపించేవారు. చూసిన రైతులు మొదట అడిగేది పురుగుమందు గురించి కాదట, వీడియోలో ఉన్న రైతు పేరేమిటి, ఏ ఊరు అని. మీ ప్లాంట్‌లో కూడా అదే అడుగుతారు. ఏ షాపు? ఏ షిఫ్టు? మనోడేనా? ఆ ప్రశ్నకు నిలబడే మనిషి చెబితేనే వింటారు. సెన్సర్ పరీక్ష చూపించేది యాక్టరో, సేఫ్టీ కన్సల్టెంటో కాకుండా ఆ లైన్ ఆపరేటర్ అయితే బాగుంటుంది.

నాలుగో దారి ఒకటుంది, అది మార్చి 4కు కుదరదు. కొన్ని నెలల తర్వాత, పరిహారం తేలాక, స్టోర్స్‌లో ఆయన పని ఖాయమయ్యాక, ఆయనకే చెప్పాలనిపిస్తే, ఆయన కథను ఆయన మాటల్లోనే, సెన్సర్ సంగతితో సహా చేయడం. ఫైనల్ కట్‌ను ఆయనా, ఆయన భార్యా ముందు చూడాలి. ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపేయాలి. కంపెనీ దీనికి ఎప్పటికీ ఒప్పుకోకపోవచ్చు, ఆ నలభై నిమిషాలు సర్వర్‌లోనే ఉండిపోవచ్చు. బాధే. అయినా సగం కోసిన కథగా అందరి ఫోన్లలో తిరగడం కంటే అదే మేలని నా అభిప్రాయం.

పైఅధికారితో మాట్లాడేటప్పుడు నీతి ముందు పెట్టకండి. ఆయన కూడా ఎవరికో జవాబు చెప్పుకోవాల్సిన మనిషే. "సార్, ఈ వీడియో చూసేవాళ్లందరికీ ఆ రోజు ఏం జరిగిందో తెలుసు. 'నా తప్పే' అని పెడితే మనల్నే నమ్మరు. పైగా పరిహారం కేసులో ఇది ఎటు తిరుగుతుందో తెలియదు. దీనికి బదులు ప్లాంట్ హెడ్ గారితో ఇది చేద్దాం, రెండు రోజుల్లో ఇస్తాను" అనండి. చేతిలో రాసిన స్క్రిప్ట్ పట్టుకుని వెళ్లండి. ఖాళీ చేతులతో వద్దనేవారి కంటే వేరేది తెచ్చినవారి మాట చెల్లుతుంది. మాట్లాడిన సారాంశాన్ని ఆ సాయంత్రమే ఒక మామూలు మెయిల్‌గా పంపండి, బెదిరింపులా కాకుండా, "మనం అనుకున్నట్టు" అంటూ. రేపు ఏదైనా తేడా వస్తే మీకు మిగిలేది అదే.

అన్నిటికంటే ముందు ఆయన దగ్గరికి వెళ్లండి. ప్లాంట్‌లో కాదు, వీలైతే వాళ్లింటికి, మీ పాపను కూడా తీసుకుని వెళ్లినా మంచిదే. స్క్రిప్ట్‌లో ఏముందో చదివి వినిపించండి. "నేను ఇచ్చిన మాట నా చేతిలో లేదన్నా, అప్పుడు నాకు తెలియలేదు" అని చెప్పండి. ఒప్పుకోకపోతే ఉద్యోగానికి ఏమీ కాదని మాత్రం అనకండి, అది కూడా మీ చేతిలో లేదు. అడిగి ఊరుకోండి. ఆయన భార్య ఏమంటుందో వినండి. ఆవిడ మిమ్మల్ని మేడమ్ అనదు కాబట్టి నిజం అక్కడి నుంచే రావచ్చు.

ఇంత చేసినా పైఅధికారి వినకపోవచ్చు. ఆయన కథే, వాళ్లు కోరినట్టే కావాలనవచ్చు. అప్పుడు మీరు తప్పుకున్నా, ఆయన "నేను కనిపించను" అని ముందే తేల్చుకుని ఉంటే వాళ్లకు పని అంత సులువు కాదు. అందుకే ఆయన్ని ముందు కలవమంటున్నాను. ఈఎంఐ భయం నిజమైనదే. రెండు మూడు నెలల వాయిదాలు పక్కన పెట్టుకునే వీలుందా అని మీ భర్తతో కూర్చుని లెక్క వేసుకోండి, మనసులో ఉన్నదంతా ఆయనకు చెప్పండి. ఇప్పటిదాకా ఆయనకు వీడియో గొడవ అన్న సంగతే తెలిసి ఉంటుంది. కూతురు చెయ్యి పట్టుకోవడానికి జంకిన సంగతి చెప్పారా?

మీరు ఈ జవాబు చదివేసరికి మార్చి 4కు ఎన్నాళ్లు ఉంటుందో తెలియదు. మిగతావి ఒక్కొక్కటిగా చూసుకోవచ్చు. ఆ ప్రెస్ మీద ఇప్పుడు ఎవరో ఒకరు పనిచేస్తూ ఉంటారు. సేఫ్టీ ఆఫీసర్‌కి ఆ మెయిల్ మాత్రం ఈ రోజే పెట్టండి.